కోర్టు లేచేదాకా

ఆ పొద్దున మబ్బులు గోదావరి దిక్కు నుంచి వచ్చి చింతలగుంపు గూడెం మీద నిలబడిపోయాయి. కురిసే మబ్బులు కావు, తేలిపోయే మబ్బులూ కావు. కింద పొగచూరినట్టు నల్లగా, అంచుల్లో ఎర్రగా, గాలి లేక ఉన్నచోటనే ఉన్నాయి. బీడీలకు పోయే తునికాకు రోజుల్లో మబ్బంటే గుంపులో ఎవరికీ గిట్టదు. కల్లంలో ఎండబోసిన ఆకు మీద నాలుగు చినుకులు పడితే చాలు, మచ్చలొస్తాయి. మచ్చలొచ్చిన కట్టల్ని కల్లంలో ఆకు కొనే కల్లేదారు చేత్తో కూడా ముట్టడు, కాలితో పక్కకు నెడతాడు. అందుకని ఆకు కట్టే ఆడవాళ్ళంతా ఒక కన్ను చేతుల మీద, ఒక కన్ను పైన పెట్టుకుని కూచున్నారు.

ఎర్రమ్మ మాత్రం పైకి చూడలేదు. ఇంటి ముందు చూరు నీడన కాళ్ళు చాపుకుని ఆకు మీద ఆకు పేరుస్తోంది. కట్టకు సరిపోగానే ఎడం చేత్తో తిప్పి, నారతో రెండు చుట్లు చుట్టి, పంటితో ముడి బిగించి పక్కన పెడుతోంది. లెక్క పైకి అనదు. ఆమె కట్టిన కట్టను విప్పి చూసిన కల్లేదారు ఇప్పటిదాకా లేడు. కోడలు జంపక్క ఎదురుగా కూచుని ఆకుల మడతలు తీసి అందిస్తోంది. కొడుకు దస్రు అడవిలో వెదురు నరికే కూపులో ఉన్నాడు. భూమి పండుగకు గానీ రాడు.

పండుగ ఇంకా ఆరు రోజులుంది. ఎర్రమ్మ పెనిమిటి పోతయ్య ఆ గుంపుకు వడ్డె, పూజలు చేసే పెద్ద. పండుగనాడు ఇంటింటి విత్తనాన్నీ ఒక గంపలో కలిపి భూదేవర ముందు పెట్టేది ఆయన. ఆ గంపలో చెయ్యి పెట్టి ఇంటికొక దోసెడు తీసి ఇచ్చేది ఎర్రమ్మ. ఆమె చెయ్యి ముట్టని విత్తనం ఆ గుంపులో మట్టిలో పడదు.

ఆకు సగం కట్టేసరికి చప్పుడు చేసుకుంటూ ఒక మోటారు సైకిలు వచ్చి ఇంటి ముందు ఆగింది. వెనక కూచున్నవాడు పక్క తండా లాల్‌సింగ్, గ్రామ సేవకుడు. ముందున్నది ఖాకీ మనిషి. అయితే అడవి ఖాకీ కాదు, ఠాణా ఖాకీ కాదు. భుజం మీది బిళ్ళ చూడగానే జంపక్క చేతిలోని ఆకు నిలువునా చీలింది. ఆ బిళ్ళ ఆమెకు ఎరుకే. అది రైలు జవాన్ల బిళ్ళ.

జవాను కాగితం తీసి చదివాడు. ఎర్రమ్మ, భర్త పోతయ్య, చింతలగుంపు. ఆ మనిషి ఎవరని అడిగాడు.

"నేనే" అంది ఎర్రమ్మ, కట్టకు ముడి వేస్తూనే.

ఫిబ్రవరి నెలలో బెజవాడ పాసింజరులో లైసెన్సు లేకుండా రేగుపండ్లు అమ్ముతూ పట్టుబడ్డదనీ, కోర్టు వాయిదాకు రాలేదనీ, ఇప్పుడు వారెంటు పుట్టిందనీ జవాను చెప్పుకుపోయాడు. గురువారం పదకొండు గంటలకు బెజవాడలోని రైలు జవాన్ల పోస్టుకు వచ్చి హాజరవ్వాలి, రాకపోతే ఆడ పోలీసుతో వచ్చి తీసుకుపోతారు. లాల్‌సింగ్ పకపకా నవ్వాడు. ఈమె పుట్టి బుద్ధెరిగి రైలెక్కిన మనిషి కాదనీ, రైలు కూత వినబడితే మేకల్ని కూడా అటు తోలదనీ చెప్పాడు. జవాను నవ్వలేదు. కాగితంలో ఉన్నది చూడాలిగానీ మనిషిని చూస్తే ఎట్లా అన్నాడు. నిజానికి మనిషిని ఒక్కసారి నిండుగా చూసి ఉంటే కాగితంలోని వయసు దగ్గర ఆగిపోయేవాడు. అక్కడ ముప్పై అని ఉంది. ఎర్రమ్మ నెత్తిన నల్లవెంట్రుక వెతికితే గానీ దొరకదు.

వేలికి సిరా పూసి ముద్ర వేయించుకుని, లాల్‌సింగ్ చేత సాక్షి సంతకం పెట్టించుకుని జవాను పోయాడు. ఎర్రమ్మ సిరా వేలును ఒక మచ్చాకుకు రుద్ది, ఆ ఆకును అవతల పారేసి, కోడలి వైపు ఒకసారి చూసింది. గుంపులో రైల్లో గంప అమ్మే మనిషి జంపక్క ఒక్కతే. అత్త అడిగితే చెప్పేద్దామని జంపక్క గొంతు దాకా వచ్చింది. ఎర్రమ్మ అడగలేదు. ఆకు అందియ్యమన్నట్టు చెయ్యి చాపింది, అంతే.

పొద్దుగూకే వేళకు పోతయ్య కల్లు దించుకుని వచ్చి సంగతి విన్నాడు. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"పోయి, నేను కాదని చెప్పి రా" అన్నాడు. "రాత్రికి మాత్రం ఇల్లు చేరాలె. వాళ్ళ చేతి కూడు ముట్టకు. నీళ్ళు గూడ ముట్టకు. పండుగ ముంగటున్నది."

"నాకు చెప్పాల్నా" అంది ఎర్రమ్మ.

నిజమే, ఆమెకు చెప్పనక్కర్లేదు. ఖాకీ చేతి కూడు తిన్నవాళ్ళు కులానికి బయట. కులంలోని గట్టు పెద్దలు కూచుని, మేకను కోసి, అందరికీ బువ్వ పెట్టిస్తే గానీ లోపలికి రారు. ఎర్రమ్మ తమ్ముడు పగిడయ్య టేకు దుంగ కేసులో జైలు కూడు తిని వచ్చాడు. మేక తేలేకపోయాడు. అతను చచ్చిపోయేదాకా ప్రతి పండుగకూ అతని విస్తరాకు కంచె అవతలే పడింది. ఆ ఆకు తీసుకుపోయి వేసింది ఎర్రమ్మే. అక్క అయి ఉండి ఒక్కసారి కూడా కంచె ఇవతల వెయ్యలేదని గుంపులో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

జంపక్క పొయ్యి ముందు కూచుని ఆ మాటలన్నీ వింది. జావ కలిపే చెయ్యి ఆడుతూనే ఉంది గానీ కుండలో ఏముందో ఆమెకు కనబడలేదు.

మర్నాడు తునికి పండ్ల గంప నెత్తిన పెట్టుకుని అందరికంటే ముందు బేతంపూడి స్టేషనుకు పోయింది. అమ్మకం మీద మనసు లేదు. జహూర్ కావాలి.

జహూర్‌ది కొత్తగూడెం. ఇరవై ఏళ్ళుగా ఆ బండిలో చాయ్ డబ్బా మోస్తున్నవాడు. చాయ్ కంటే పెద్ద పని అతనికి ఇంకోటి ఉంది. ఆ బండిలో అమ్ముకునేవాళ్ళ వంతు ఎవరిదో అతని బుర్రలో ఉంటుంది. పోస్టు వాళ్ళకు నెలకు ఇన్ని కేసులని చూపించాలి. దొరికినవాళ్ళను దొరికినట్టు పట్టుకుంటే బండిలో అమ్మేవాళ్ళు మిగలరు, పట్టుకోకపోతే పైవాళ్ళు ఊరుకోరు. అందుకని వంతులు పెట్టుకున్నారు. వంతు వచ్చినవాళ్ళు ఆ రోజు తమంతట తామే పోస్టుకు పోయి బల్ల మీద కూచుంటారు. కోర్టు, జరిమానా, వాళ్ళు పెట్టే పొట్లం, సాయంత్రం బండికి ఇల్లు. ఎవరూ దీన్ని దొంగతనం అనుకోరు, అవమానం అనుకోరు. చెక్‌పోస్టు దగ్గర బండి ఆగినట్టు ఆగి వస్తారు.

జంపక్కకు రెండు వంతులు తన పేరు మీదనే గడిచాయి. రెండోసారి, మళ్ళీ ఈ పేరు కనబడితే నెల రోజులు లోపల వేస్తానని మేజిస్ట్రేటు హెచ్చరించింది. మూడో వంతు ఫిబ్రవరిలో వచ్చింది. పోస్టులో హెడ్డు కానిస్టేబులు వెంకటేశ్వరరావే కలం పట్టుకుని, ఇంకో పేరు చెప్పవే, లోకంలో పేర్లకు కరువా అన్నాడు. కోడలు అత్త పేరు నోట పలకకూడదు. పెళ్ళయిన పదేళ్ళలో ఆ పేరు ఆమె ఏనాడూ పలకలేదు. పలకకుండా దాచుకున్న పేరు కాబట్టేనేమో ఆ క్షణాన నాలుక మీదికి అదే వచ్చింది. ఆ రోజు మేజిస్ట్రేటు రాలేదు. వేలిముద్ర తీసుకుని పంపేశారు. తర్వాత నేను చూసుకుంటానన్నాడు హెడ్డు. చూసుకోలేదు.

జహూర్ డబ్బా దించి అంతా విన్నాడు. ఒక చాయ్ ఒంపి ఆమె చేతికిచ్చాడు.

"ఫికర్ చెయ్యకు జంపక్కా. కాగితంల వయసు నీది. మొదటి వేలు నీది. రేపు నువ్వే ఎర్రమ్మవై నిలబడు. హెడ్డుకు నేను చెప్త. ముసలామెను మాత్రం ఇల్లు దాటనియ్యకు."

ఆ మాట పట్టుకుని జంపక్క మధ్యాహ్నం బండికే ఇల్లు చేరింది. అత్త వెనకాల తిరిగి తిరిగి, చివరికి అంది. నీకు రైలు కొత్త, ఎండ దెబ్బ తగులుద్ది, నేను రోజూ పోయేదాన్నే కదా, నేను పోయి చెప్పి వస్తానంది.

"పిలిచింది నన్ను. ఏలు పెట్టింది నేను" అంది ఎర్రమ్మ. "నువ్వు పోయి ఏం చెప్తవే?"

అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు. ఎందుకంటే పేరు సంగతి చెబితే దాని వెనక ఇంకోటి ఉంది. పోస్టు బల్ల మీద కూచున్న మూడుసార్లూ జంపక్క వాళ్ళ పొట్లం తిన్నది. మూడేళ్ళ కిందట మొదటిసారి సాయంత్రం దాకా తినకుండా పట్టుకుంది. చంకలో పిల్ల ఉండేది, పాలు రావడం లేదు, పిల్ల ఏడుపు ఆపడం లేదు. విప్పి తిన్నది. తిన్నాక ఏమీ కాలేదు. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. ఆ యేడు పండుగకు అత్త దోసిట్లోంచి విత్తనం తన కొంగులో పట్టుకుంది. మరుసటి యేడూ, ఆపై యేడూ పట్టుకుంది. పంట బాగానే పండింది. పండినందుకు భయం పోలేదు, పెరిగింది.

గురువారం తెల్లవారకముందే ఎర్రమ్మ ఇంత జావ తాగి, సొరకాయ బుర్రలో నీళ్ళు నింపుకుని బయల్దేరింది. సద్ది కట్టుకోలేదు. రాత్రికి వచ్చి ఇంట్లో తింటానంది. దారి చూపిస్తానని జంపక్క, పిల్లను మామకు అప్పగించి, వెంట నడిచింది.

బేతంపూడిలో బండి మెట్టు ఎక్కేటప్పుడు ఆమె ముందు చేత్తో మెట్టును తట్టి చూసింది, పశువు ఒంటిని తట్టినట్టు. లోపల సీటు ఖాళీగా ఉన్నా కూచోలేదు. తలుపు పక్కన నేల మీద గోడకు వీపు ఆనించి, బుర్రను ఒళ్ళో పెట్టుకుని కూచుంది. బండి కదిలినప్పుడు మాత్రం ఒక చెయ్యి జంపక్క మోకాలి మీద పడింది. చెట్లు వెనక్కి పోవడం చూసి ఆ చెయ్యి మెల్లగా తీసేసుకుంది.

కారేపల్లిలో ఆపారు. ఆపితే ఇక కదల్లేదు. బొగ్గు గూడ్సు రావాలని, అది పోతే గానీ లైను ఇవ్వరని పక్కనున్నవాళ్ళు చెప్పారు. ఆ దారిలో అంతే. మనుషుల బండి పక్కన నిలబడుతుంది, బొగ్గు బండి ముందు పోతుంది. ఎండ ఎక్కింది. పెట్టె రేకు కాలడం మొదలుపెట్టింది. పాల క్యాన్లవాళ్ళు కిందికి దిగి చెట్ల కింద కూచున్నారు. జంపక్క తలుపు పట్టుకుని వేలాడుతూ సిగ్నలు వైపు చూసింది. పదకొండుకు చేరకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. చేరితే ఏమవుతుందో కూడా తెలుసు. ఏది మంచిదో తెలియలేదు. గూడ్సు వచ్చింది, నల్లటి దుమ్ము పెట్టె నిండా కొట్టి ఎంతకూ తెగకుండా పోయింది. అది పోయాక ఇంకో గూడ్సు వచ్చింది.

డోర్నకల్ దాటాక బండి కొంచెం పుంజుకుంది. ఖమ్మంలో జనం తోసుకుంటూ ఎక్కారు. ఆ తోపులాటలోంచి మామిడికాయ ముక్కల గంప ఒకటి ముందు వచ్చింది, దాని కింద గోరి వచ్చింది. గోరి తండా మనిషి. చేతుల నిండా దంతపు గాజులు, నోటి నిండా మాటలు. జంపక్కను చూడగానే మొహం విప్పుకుంది.

"ఏమే ఎర్రమ్మా, ఇయ్యాల గంప లేదేంది? మళ్ళ వంతు నీదేనా?"

ఫిబ్రవరి నుంచి బండిలో అందరూ జంపక్కను అట్లనే ఆటపట్టిస్తారు. కేసులో ఏ పేరు చెబితే మళ్ళీ వంతు వచ్చేదాకా ఆ పేరుతోనే పిలుస్తారు. నేల మీద కూచున్న ఎర్రమ్మ తన పేరు వినబడి తల తిప్పింది. ముందు గోరిని చూసింది. గోరి చూపు ఎవరి మీద ఉందో చూసింది. ఆ చూపు వెంట వచ్చి కోడలి మొహం దగ్గర ఆగింది.

గోరికి తప్పు జరిగిందని అర్థమైంది గానీ ఏం తప్పో అర్థం కాలేదు. ఉప్పూకారం చల్లిన ముక్క ఒకటి ముసలామెకు అందించబోయింది. ఎర్రమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపింది. గోరి గంప ఎత్తుకుని అవతలి పెట్టెకు పోయింది, పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి చూసింది.

ఎర్రమ్మ బుర్ర బిరడా తీసి ఒక గుక్క తాగి మళ్ళీ బిగించింది. బోనకల్లు పోయింది. మధిర పోయింది. ఎక్కేవాళ్ళ మాట మారింది, వచ్చిండు పోయిండు అనేవాళ్ళు తగ్గి వచ్చాడు పోయాడు అనేవాళ్ళు పెరిగారు. వరికోత అయిన చేలు, తాటిచెట్లు, సిమెంటు గొట్టాల కాలవలు. అత్త కళ్ళు వాటి మీదే ఉన్నాయి. తిడితే బాగుండుననుకుంది జంపక్క. నలుగురి ముందు జుట్టు పట్టుకుని రెండు వేసినా బాగుండుననుకుంది. కొండపల్లి దగ్గర బండి మళ్ళీ నిలబడ్డప్పుడు, అత్తా అని పిలవబోయి తలుపు దగ్గరికి పోయి నిలబడింది.

పోస్టుకు చేరేసరికి పదకొండు దాటి చాలాసేపయింది. ప్లాట్‌ఫారం చివర పచ్చరంగు తలుపుల గది. జహూర్ చెప్పాడో లేదో గానీ, హెడ్డు వెంకటేశ్వరరావు ముందు జంపక్కను చూసి తల ఊపాడు. తర్వాత వెనకున్న ముసలామెను చూశాడు. కాగితం తీసి దాని మీది వేలిముద్రను, లాల్‌సింగ్ సంతకాన్ని చూశాడు. కుర్చీలోంచి లేచి జంపక్కను కిటికీ దగ్గరికి పిలిచాడు.

"నేను నిలబడత సారూ" అంది జంపక్క. "ఆమెకేం తెల్వదు. ఇంటికి పంపియ్యుండ్రి."

"ఇప్పుడు ఎలా కుదురుతుంది? సాక్షి పెట్టి వేలు తీసుకున్నది ఈవిడ దగ్గర. ఆ వేలూ నీ వేలూ ఒకటేనా?" హెడ్డు గొంతు తగ్గించాడు. "నోరు తెరిచావంటే మారుపేరు కేసవుతుంది. నీకు ఆర్నెల్లు, నాకు మెమో. ముసలమ్మ లోపలికెళ్ళి ఔనని ఒక్కమాట అని వచ్చేస్తే అయిపోతుంది. మీ వాళ్ళందరి వంతులూ నా చేతిలో ఉన్నాయి, గుర్తుంచుకో."

కోర్టు పక్క వీధిలోనే. వరండాలో బల్ల మీద అత్తాకోడళ్ళను కూచోబెట్టి జవాను ఒకడు కాపలా నిలబడ్డాడు. బల్ల మీద ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు, టిక్కెట్టు లేనివాళ్ళు, దువ్వెనలు అమ్మేవాడొకడు. పైన పంకా తిరుగుతోంది గానీ గాలి కిందికి రావడం లేదు. ఎర్రమ్మ సొరకాయ బుర్రను నోటికి వంచింది. రెండు చుక్కలు రాలాయి. జవాను అది చూసి కుండలోంచి గ్లాసు ముంచి తెచ్చాడు. మంచివాడే. ఎర్రమ్మ పెదాలు నాలుకతో తడుపుకుని, వద్దు బిడ్డా అంది.

ఆ గ్లాసు వెనక్కి పోవడం చూశాక జంపక్క ఇక ఆగలేకపోయింది. అత్త వైపు తిరగలేదు. ఎదురుగా గోడకు కొట్టిన మేకు ఒకటి ఉంటే దాన్ని చూస్తూ చెప్పింది.

"నీ పేరు చెప్పింది నేనే అత్తా."

"గా లంబాడామె పిలిచినప్పుడే ఎరుకైంది."

"నా పేరు మీద జైలుకు పంపుతమన్నరు. భయమైంది. నోట్లకు నీ పేరే వచ్చింది."

ఎర్రమ్మ సిరా ఇంకా పూర్తిగా పోని బొటనవేలిని చీర అంచుతో రుద్దుకుంది.

"ఈడ కూసున్నప్పుడు ఏం తిన్నవ్?" అంది.

అత్త పేరు దగ్గర ఆగకుండా సూటిగా అక్కడికి వస్తుందని జంపక్క అనుకోలేదు. మేకు మీంచి చూపు జారింది.

"పొట్లం."

"ఎన్నిసార్లు?"

"మూడు."

ఎర్రమ్మ ఇంకేదో అడగబోయేసరికి లోపల్నుంచి బంట్రోతు పిలిచాడు. ఎర్రమ్మ, చింతలగుంపు. ముసలామె బల్ల మీద చెయ్యి ఊని లేచి, కొంగు భుజం మీదికి లాక్కుని లోపలికి నడిచింది. జంపక్క గుమ్మం దాకా వెంట పోయింది. జవాను అక్కడ ఆపాడు.

మేజిస్ట్రేటు కళ్ళద్దాల ఆడమనిషి. కాగితం చూసి, ఎదురుగా ఉన్న మనిషిని చూసి, మళ్ళీ కాగితం చూసింది.

"ఇందులో వయసు ముప్పై అని ఉందే?"

హెడ్డు దగ్గాడు. గుమ్మంలో జంపక్క కాలు లోపలికి పడింది. అమ్మగారూ అన్న మాట నోట్లోకి వచ్చేసింది. ఎర్రమ్మ వెనక్కి తిరగలేదు. కుడిచెయ్యి ఒక్కటి వెనక్కి చాపి అరచెయ్యి అడ్డం పెట్టింది, పాలు పిండేటప్పుడు మీదికొచ్చే దూడను ఆపినట్టు. జంపక్క కాలు అక్కడే ఆగింది.

"రాసినాయన కండ్లకు గట్ల కనబడ్డనేమో అమ్మా" అంది ఎర్రమ్మ.

కోర్టులో ఒకరిద్దరు నవ్వారు. మేజిస్ట్రేటు నవ్వలేదు, కోప్పడనూ లేదు.

"రైల్లో రేగుపండ్లు అమ్మావా?"

"అవ్."

"మళ్ళీ అమ్ముతావా?"

ఎర్రమ్మ కొంచెం ఆలోచించింది. "ఇప్పుడు రేగుపండ్లు రావమ్మా. చలికాలం రావాలె."

మేజిస్ట్రేటు కలం పక్కన పెట్టి ఆమెను కాసేపు చూసింది. ఇంకేదో అడుగుతుందని హెడ్డు ఊపిరి బిగబట్టాడు. అడగలేదు. ముందు చాలా కాగితాలున్నాయి. మొదటిసారి కాబట్టి కోర్టు లేచేదాకా ఇక్కడే కూచోవాలని రాసి, ఆ కాగితం పక్క దొంతరలో వేసింది. సాయంత్రం కోర్టు లేస్తే పోవచ్చునని బంట్రోతు విడమర్చి చెప్పాడు.

మళ్ళీ అదే బల్ల. పంకా ఆగిపోయింది, కరెంటు పోయింది. కోర్టు భోజనానికి లేచింది గానీ, లేచినట్టు కాదట. సాయంత్రం లేచేదే లేవడమట. సాయంత్రం బండి దొరుకుతుందా, దొరికితే కారేపల్లిలో ఎంతసేపు ఆపుతారు, అత్త ఈ ఎండకు నీళ్ళు లేకుండా అందాకా ఆగగలుగుతుందా. జంపక్క మనసులో ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అయినా గండం గడిచిందనే అనిపించింది. ఇంకో నాలుగు గంటలు పట్టుకుంటే చాలు. అత్త ఏమీ ముట్టకుండా ఇల్లు చేరుతుంది. పండుగనాడు గంపలో చెయ్యి పెడుతుంది. తన సంగతి తర్వాత. తనను ఏం చేస్తే అది చేయనీ.

రెండు దాటాక జవాను పొట్లాలు తెచ్చాడు. కేసువాళ్ళకు మనిషికి ఒకటి. న్యూస్‌పేపరులో చుట్టిన పులిహోర. దువ్వెనలవాడు అప్పటికే విప్పి తినడం మొదలుపెట్టాడు. జవాను ఎర్రమ్మ ముందు ఆగి, నీళ్ళే వద్దన్న మనిషి ఇది తీసుకుంటుందా అని సందేహిస్తూ చెయ్యి చాపాడు.

ఎర్రమ్మ తీసుకుంది.

"అత్తా, ముట్టకు" అంది జంపక్క గొంతు దించి. "కిందబెట్టు. రాత్రికి ఇంట్ల తింటువు."

ఎర్రమ్మ పొట్లాన్ని ఒళ్ళో పెట్టుకుని దారం ముడి విప్పసాగింది. గట్టిగా కట్టారు. పంటితో లాగింది.

"గీడ కూసున్ననాడు పక్కన ఎవరన్న ఉన్నరా నీకు?"

"మొదటిపారి చంకల పిల్ల ఉండె. ఇంకెవరు లేరు."

"మూడేండ్లు కడుపుల పెట్టుకుని తిరిగినవ్." ఎర్రమ్మ దారాన్ని వేలికి చుట్టుకుంది. "నా తమ్మునికి ఆకు అవతల ఏసి, ఇవతలికొచ్చి అందరితోటి కూసుని తిన్న నేను. వాడు తల ఎత్తలే ఎన్నడు. నా వంక ఒక్కపారి చూస్తే ఏం జేద్దునో."

"పండుగున్నది అత్తా. విత్తనం ఎవరు ముడతరు?"

"ఎవరన్న ముడతరు. గుంపుల ఆడోళ్ళు లేరా." పొట్లం విప్పింది. ఆవాలు, మిరపకాయ తునకలు, పసుపు అన్నం. లోపల ఒక విస్తరాకు ముక్క ఉంది. "నిన్ను ఒక్కదాన్ని అవతల కూసోబెట్టి ఆకు ఏసే ఓపిక లేదు నాకు. ఇద్దరం కూసుందాం. ఒక్క మేకతోటి అయితది."

మామ ఊరుకుంటాడా, దస్రు ఏమంటాడు, గట్టు పెద్దలు ఏమంటారు అని జంపక్క నోట్లోకి చాలా వచ్చాయి. ఎర్రమ్మ ఆకు ముక్కను బల్ల మీద తమ ఇద్దరి నడుమ పెట్టి, అన్నాన్ని అంచులకు సర్దింది. ముందు తనే ఒక ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపి ఒక్క క్షణం ఆగింది, మింగింది. జవానును చూసి గ్లాసు అన్నట్టు చెయ్యి చూపింది. అతను పరుగున పోయి నీళ్ళు తెచ్చాడు.

జంపక్క చెయ్యి సాగలేదు. ఎర్రమ్మ మోచేత్తో ఆమెను పొడిచింది.

అప్పుడు ఆమె కూడా ముద్ద తీసుకుంది. అన్నం చల్లబడి గట్టిపడింది, ఉప్పు ఎక్కువైంది. అత్త ఒకవైపు నుంచి, కోడలు ఒకవైపు నుంచి తింటూ నడిమికి వచ్చారు. మిరప తునకలు అత్త వైపు వస్తే వేలితో కోడలి వైపు నెట్టింది. వీధిలో రిక్షాలు పోతున్నాయి, లోపల ఎవరో కుర్చీలు జరుపుతున్నారు. ఆకు మీద మెతుకు లేకుండా అయ్యేదాకా తిన్నారు.